పొద్దన్నే బాస్కెట్‌బాల్: సీమ ఆటల కబుర్లు

మా కర్నూలు, కడప వైపు ఆటల కాలం దీపావళికి మొదలై శివరాత్రికి ముగుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం సిమెంటు కోర్టు మీద కాలు పెట్టలేం. వానలు పడితే నల్లరేగడి మైదానంలో దిగబడిన బూటు పైకి రాదు. కార్తీకంలో నేల ఆరి, పొద్దున కాస్త చలి పుట్టి, సాయంత్రం గాలి మెత్తబడ్డాకనే ఎవరికైనా పరిగెత్తాలనిపిస్తుంది. ఈసారి, 2025 అక్టోబరు చివర్లో, మొంథా తుపాను వచ్చి మైదానాలన్నీ బురద చేసి పోయింది. ఆ బురద ఆరింది. డిసెంబరు వచ్చేసింది. ఇప్పుడు ఎటు చూసినా ఆటే. సెలక్షన్లకు పోయే బడిపిల్లలు భుజాన సంచులేసుకుని ఆర్టీసీ బస్సుల్లో కనబడుతున్నారు. కాలేజీల్లో అంతర్ కళాశాలల పోటీలకు జట్లు కడుతున్నారు. అమెరికాలో ఎన్‌బీఏ సీజను మొదలయ్యేదీ సరిగ్గా ఈ రోజుల్లోనే. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే నాలాంటివాళ్లకు ఏడాదిలో ఇంతకన్నా మంచి కాలం లేదు.

ముందు ఆ ఎన్‌బీఏ కబురే చెబుతా. అక్టోబరు 22 తెల్లవారుజామున, అంటే వాళ్లకు 21 రాత్రి, తొలి మ్యాచ్. ఓక్లహోమా సిటీ థండర్ పోయిన సీజను విజేత. ఎదురుగా హ్యూస్టన్ రాకెట్స్. ఒకప్పుడు ఇదే థండర్‌కు కొండంత అండగా ఉన్న కెవిన్ డ్యూరాంట్ ఇప్పుడు రాకెట్స్ తరఫున ఆడుతున్నాడు. నాలుగు క్వార్టర్లు అయ్యేసరికి స్కోరు సమం. అదనపు సమయం ఇస్తే అక్కడా సమమే. రెండో అదనపు సమయంలో, ఇంకా 2.3 సెకన్లు ఉన్నాయనగా, డ్యూరాంట్ చేసిన ఫౌలుకు షాయ్ గిల్జియస్-అలెగ్జాండర్ ఫ్రీ త్రోలు వేశాడు. 125-124. ఒక్క పాయింటు తేడాతో థండర్ గెలిచింది. మళ్లీ ఒక్కరోజు విరామంతో ఇండియానా పేసర్స్‌తో ఆడితే అదీ రెండో అదనపు సమయం దాకా పోయింది. అందులో షాయ్ ఒక్కడే 55 పాయింట్లు కొట్టాడు. నవంబరు నెలాఖరుకు ఆ జట్టు ఓడింది ఒక్క మ్యాచే, పోర్ట్‌లాండ్ చేతిలో. సీజను మొదట్లోనే ఇంత నిలకడ చూడడం అరుదు.

విక్టర్ వెంబన్యామా సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఏడడుగులు దాటిన మనిషి చిన్నపిల్లాడిలా బంతి తట్టుకుంటూ కోర్టంతా తిరుగుతాడు. శాన్ ఆంటోనియో స్పర్స్ తొలి మ్యాచ్‌లో డాలస్ మీద 40 పాయింట్లు, 15 రీబౌండ్లు. డాలస్‌లో మన తెలుగువాళ్లు ఎంతమందో తెలిసిందే గదా. ప్రొద్దుటూరు నుంచి పోయి అక్కడ స్థిరపడిన మా బంధువుల పిల్లోడు ఆ రాత్రి స్టేడియంలో ఉన్నాడు. వాళ్ల జట్టు కొత్త కుర్రాడు కూపర్ ఫ్లాగ్ మొదటి మ్యాచ్ చూద్దామని పోయి, అవతలి జట్టు వెంబన్యామా మీద మనసు పారేసుకుని వచ్చాడు. "మామా, టీవీలో చూసేది ఆటే కాదు, ఆ చేతులు నేరుగా చూడాల" అని వాయిస్ మెసేజ్ పెట్టినాడు. లెబ్రాన్ జేమ్స్‌కేమో నడుము నుంచి కాలికి దిగే సయాటికా నొప్పి. 23వ సీజను మొదటి మ్యాచ్‌లకు దూరమై, నవంబరు 18న తిరిగి దిగాడు. ఎన్‌బీఏలో అంతకుముందు ఎవరూ 23 సీజన్లు ఆడలేదు. 40 ఏళ్లు నిండిన మనిషి అలా మెట్టు మీద మెట్టెక్కుతుంటే నా కళ్లు చెమర్చాయి.

మ్యాచ్‌లు మనకు పొద్దున పూట రావడం సీమ మనిషికి వరం. పొద్దున లేవడం మాకు అలవాటే. ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకుని ఉగ్గాని బజ్జీ కోసం హోటలు ముందు బెంచీ మీద కూర్చుంటే, పక్కన ఎవరో ఒకరు తొంగి చూడక మానరు. ఆమధ్య కర్నూలులో ఒక పెద్దాయన చాలాసేపు చూసి అడిగినాడు.

"ఏందప్పా ఇది, ఒగసారి రెండంటాండారు, ఇంగోసారి మూడంటాండారు, ఇప్పుడేమో ఒగటే అంటిరి?"

"దూరం నుంచి ఏస్తే మూడు, దగ్గర నుంచి ఏస్తే రెండు, అవతలోడు తప్పు చేస్తే నిలబడి ఏసేదానికి ఒకటి, పెదనాయనా."

ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టి, "అట్లయితే దూరం నుంచే ఏస్తా ఉండొచ్చు గదా" అన్నాడు.

నాకు ఆయన్ను కావలించుకోవాలనిపించింది. 1979లో ఎన్‌బీఏ మూడు పాయింట్ల గీత గీసింది. ఆ తరువాత చాలా ఏళ్లు ఆ గీత అవతల నుంచి వేయడమంటే సాహసమనే అనుకున్నారు. స్టెఫెన్ కర్రీ వచ్చి, రోజుకు వందల షాట్లు సాధన చేసి, దూరం నుంచే వేస్తూ వేస్తూ గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కు నాలుగు టైటిళ్లు తెచ్చాడు. పెద్దాయన ఒక్క మ్యాచ్ చూసి అదే లెక్కకొచ్చేశాడు. ఆటను చూసే కన్ను మా జనానికి ఎప్పుడూ ఉంది, చూసే వీలే తక్కువ.

నవంబరు 2న అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు. అప్పటి నుంచి మ్యాచ్‌లు మనకు మరో గంట ఆలస్యంగా మొదలవుతున్నాయి. అయితే ఆ తేదీ మా జిల్లాలో జనం గుర్తుపెట్టుకున్నది గడియారం కోసం కాదు. ఆ రాత్రి నవీ ముంబైలో డీవై పాటిల్ స్టేడియంలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి వన్డే ప్రపంచ కప్పు ఎత్తుకున్నారు. ఆ పదకొండు మందిలో ఒకరు శ్రీచరణి. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం యర్రమల్లె ఊరి పిల్ల. నల్లపురెడ్డి వారమ్మాయి. నాన్న ఆర్టీపీపీలో, అంటే మా థర్మల్ పవర్ స్టేషన్‌లో ఉద్యోగి. 21 ఏళ్లు.

ఆ రాత్రి కడపలో నిద్రపోయినవాళ్లు తక్కువ. ఏడు రోడ్ల కూడలి వైపు పిల్లలు బండ్ల మీద జెండాలు పట్టుకుని తిరిగారు. మా జేజి వయసు ఆడవాళ్లు కూడా "మన పిల్లేనంట" అని టీవీ ముందు నుంచి లేవలేదు. ఎడమచేతి స్పిన్ వేసే ఆ పిల్ల, ఫైనల్లో అన్నెకె బాష్‌ను సున్నాకే ఎల్బీడబ్ల్యూ చేసింది. టోర్నీ మొత్తం మీద 14 వికెట్లు తీసింది. మన జట్టులో దీప్తి శర్మ తరువాత అన్ని వికెట్లు ఈమెవే. అంతర్జాతీయ క్రికెట్‌లో అడుగుపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఏప్రిల్‌లో కొలంబోలో శ్రీలంక మీద మొదటి వన్డే. జూన్ నెలాఖరున నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండు మీద మొదటి టీ20, అందులో 12 పరుగులిచ్చి 4 వికెట్లు. నవంబరు మొదటి వారంలోనే ముఖ్యమంత్రిని కలిసినప్పుడు 2.5 కోట్ల రూపాయల నగదు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించారు. నెలాఖరులో డబ్ల్యూపీఎల్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 1.3 కోట్లకు మళ్లీ తీసుకుంది. పోయిన సీజనుకు వాళ్లు పెట్టింది 55 లక్షలు.

ఆమె కథలో నన్ను పట్టుకున్నది ఈ డబ్బుల లెక్క కాదు. చిన్నప్పుడు ఆమె పరిగెత్తింది, బ్యాడ్మింటన్ ఆడింది, ఖోఖో ఆడింది, కబడ్డీ ఆడింది. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్లు వచ్చాకనే. అందులోనూ మొదట ఫాస్ట్ బౌలింగ్ వేసి తరువాత స్పిన్‌కు మారింది. సీమలో ఆటగాళ్లు తయారయ్యే దారి ఇదే. ఐదేళ్లకే ఒక ఆటకు చీటీ రాసిచ్చి అకాడమీలో వేసే స్తోమత ఇక్కడ ఎందరికుంది? బడి మైదానంలో ఏది ఉంటే అది ఆడతారు. అక్కడ వల కట్టి ఉంటే వాలీబాల్, గీతలు గీసి ఉంటే కబడ్డీ, స్తంభాలు నాటి ఉంటే ఖోఖో. అన్నీ ఆడిన పిల్లకు ఒంట్లో ఒడుపు వస్తుంది, ఆ తరువాత ఏ ఆటలోకి పోయినా నిలబడుతుంది. అందుకే మైదానంలో ఏముంది అన్నది నాకు చాలా పెద్ద విషయం.

మైదానంలో ఏముందో చూసేది పీఈటీ సారు, పీఈటీ మేడమ్. ఈ ఏడు ఒక శుభవార్త ఏమంటే, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ పూర్తయి, సెప్టెంబరులో నియామక పత్రాలు ఇచ్చి, అక్టోబరులో కొత్త టీచర్లు బడుల్లో చేరారు. జిల్లాల్లో ఎక్కువ ఖాళీలు భర్తీ అయింది మా కర్నూలులోనే. వాళ్లలో వ్యాయామ ఉపాధ్యాయులున్నారు, క్రీడా కోటాలో టీచర్లయిన ఆటగాళ్లూ ఉన్నారు. పోయిన ఏడాది కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో ఆటగాళ్ల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు గదా, దాని ఫలం. జాతీయ స్థాయిలో ఆడిన మనిషి ఒక పల్లె బడిలో లెక్కలు చెబుతూ సాయంత్రం పిల్లల్ని వరుసలో నిలబెట్టి పరిగెత్తిస్తుంటే ఆ ఊరి అదృష్టం మాటల్లో చెప్పలేం.

వాళ్లు చేరింది కూడా సరైన వేళ. ఎస్‌జీఎఫ్, అంటే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు జోరుగా నడిచే కాలం ఇది. అండర్-14, అండర్-17, అండర్-19. మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి. ఆదోని నుంచో ఆళ్లగడ్డ నుంచో పొద్దన్నే బస్సెక్కి, అన్నం డబ్బాలు కట్టుకుని, ఒకే జత బూట్లు ఇద్దరు మార్చుకుంటూ ఆడే పిల్లల్ని చూడాలంటే ఈ సెలక్షన్లకు పోవాలి. టిక్కెట్టు లేదు. కూర్చోడానికి వేపచెట్టు నీడ. గెలిచిన పిల్లలు సారును భుజాలకెత్తుకుంటారు. ఓడినవాళ్లు బస్సెక్కేదాకా మాట్లాడరు. టీవీలో ఏ లీగు చూసినా నాకు ఆ గొంతులు వినిపించవు.

ఇక బాస్కెట్‌బాల్ దగ్గరికి వస్తా, మనసులో ఉన్నది చెప్పేస్తా. మా జిల్లాల్లో ఈ ఆట ఎక్కువగా గేట్ల లోపల ఉంది. ఇంజనీరింగు కాలేజీలు, మెడికల్ కాలేజీ, ఫీజు గట్టిగా ఉండే బడులు, జిల్లా స్టేడియం. కోర్టులు లేవని కాదు, ఉన్నాయి. సాయంత్రం తరగతులు అయిపోయాక గేటుకు తాళం పడుతుంది. బయటి పిల్లలు కంచె సందుల్లోంచి రింగు చూసి పోతారు. 2023 డిసెంబరు 26 నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా రాష్ట్రమంతా ఆడుదాం ఆంధ్రా నడిచినప్పుడు, పోటీ పెట్టిన ఆటలు ఐదు: క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. బాస్కెట్‌బాల్ లేదు. ఊళ్లో రింగే లేనప్పుడు పోటీ ఎవరికి పెడతారు?

అసలు ఇది బీదవాళ్ల ఆట. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ డ్రిల్లు మాస్టారు జేమ్స్ నైస్మిత్, చలికి బయటికి పోలేని కుర్రాళ్ల కోసం రెండు పీచ్ పండ్ల బుట్టలు బాల్కనీ రెయిలింగుకు కొట్టి, 13 నియమాలు రాసి దీన్ని మొదలుపెట్టాడు. బుట్ట, బంతి తప్ప వేరే ఖర్చు లేదు. మన దేశానికీ వైఎంసీఏ ద్వారానే వచ్చింది. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో పెట్టిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల దక్షిణాదికంతా డ్రిల్లు మాస్టార్లను తయారు చేసింది. మన జిల్లాలూ అప్పుడు మద్రాసు కిందివే. అట్లాంటి ఆట వందేళ్ల తరువాత కూడా ఖరీదైన గేటు వెనక ఉండడం నాకు బాధ.

గేటు తెరిస్తే ఏమవుతుందో పక్క జిల్లా చూపించింది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్‌డీటీ సంస్థ ఆవరణలో 2010లో రఫాయెల్ నాదల్ టెన్నిస్ బడి తెరిచాడు. టెన్నిస్! వేరుశెనగ పొలాల మధ్య పెరిగే పిల్లలు రాకెట్ పట్టుకుని సర్వీసులు వేశారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగిందీ ఆ ఊళ్లోనే. ఆట ఖరీదైనదా కాదా అని పిల్లలు అడగరు. కోర్టు తెరిచి ఉంటే దిగుతారు.

బాస్కెట్‌బాల్‌లో నా ఆశంతా 3x3 మీద, అంటే సగం కోర్టులో ముగ్గురేసి ఆడే ఆట మీద ఉంది. ఒక్క రింగు చాలు. జట్టుకు ముగ్గురు, బయట ఒకరు. కోర్టు 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు. 10 నిమిషాలు ఆట, ఆలోగా ఎవరు ముందు 21 కొడితే వాళ్లే గెలుపు. బంతి దొరికాక 12 సెకన్లలో వేయాలి. టోక్యో ఒలింపిక్స్ నుంచి ఇది పతకాల ఆట. అక్కడ మగవాళ్లలో బంగారం గెలిచింది లాట్వియా, చిన్న దేశం. పారిస్‌లో ఆడవాళ్ల బంగారం జర్మనీకి పోయింది. ఐదుగురి ఆటలో మన మగవాళ్లు ఒలింపిక్స్‌కు పోయింది ఒక్కసారే, 1980లో మాస్కోకు. సగం కోర్టు ఆటలో మనకు దారి దగ్గర. పైగా మాకు నేల కొరత లేదు. కడప బండలు పరిచిన కల్యాణ మండపం వాకిట్లో బంతి ఎంత చక్కగా లేస్తుందో ఆడినవాళ్లకు తెలుసు. బేతంచెర్ల నాపరాళ్లు పరిచినా అంతే, వాన చుక్క పడితే మాత్రం జారుతుంది, జాగ్రత్త.

మా జనం ఆట చూసే తీరు గురించి ఒక మాట. తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు పోయినవాళ్లకు తెలుసు. ఒంగోలు గిత్తలు, పాలపళ్ల విభాగం, రెండు పళ్ల విభాగం, ఆ పైన పెద్దవి. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎంత దూరం లాగితే అంత లెక్క. మైకులో వ్యాఖ్యాత నిమిషాలు చెబుతూ ఉంటాడు, ఆఖరి నిమిషంలో వేలమంది లేచి నిలబడతారు. ఎవరి ఎద్దులైనా సరే, బాగా లాగితే ఈల వేస్తారు. ఓడిన రైతును కూడా "భలే లాగినావులే అన్నా" అని వీపు తట్టి పంపుతారు. అవతలి జట్టును మెచ్చుకునే ఆ గుణం మాకు పుట్టుకతో ఉంది. క్రికెట్ దగ్గర ఆ గుణాన్ని బెట్టింగు తినేస్తోంది. మ్యాచ్ చూస్తున్న కుర్రాడి కళ్లు ఫోన్‌లో రేటు మీద ఉంటే వాడు ఆట చూడనట్టే. ఆగస్టులో కేంద్రం డబ్బులతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలోనూ సీజను మొదలైన మూడో రోజే జూదం కేసుల్లో ఎన్‌బీఏ కోచ్ ఒకరు, ఆటగాడు ఒకరు అరెస్టయ్యారు. మీ ఇంట్లో కుర్రాడుంటే కూర్చోబెట్టి మాట్లాడండి. అప్పులపాలైన ఇళ్లు మా వైపు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి.

మిగతా కబుర్లు గబగబా. ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్ ఈసారి ప్లేఆఫ్స్ దాకా వచ్చింది. ఎన్నాళ్ల ముచ్చటో అది. టైటిల్ దబంగ్ ఢిల్లీకి పోయింది. కడపలో పెద్దదర్గా ఉరుసు జనం సర్దుకున్నారు, మైదానాల్లో బండ్లు నిలపడం తగ్గింది, పిల్లలకు చోటు దొరికింది. డిసెంబరు 16న లాస్ వెగాస్‌లో ఎన్‌బీఏ కప్ ఫైనల్, మనకు 17 పొద్దున. 21, 23 తేదీల్లో విశాఖలో శ్రీలంకతో మన అమ్మాయిల టీ20లు. యర్రమల్లె పిల్ల ఆడితే చూడాలని మా వీధిలో అప్పుడే రైలు టిక్కెట్ల మాట నడుస్తోంది. సంక్రాంతికి పల్లెల్లో వాలీబాల్ టోర్నీలు ఎట్లాగూ ఉంటాయి, రాత్రి లైట్ల కింద.

ఈ సంక్రాంతికి మా ఊళ్లో వాలీబాల్ వల పక్కన ఒక రింగు కూడా నిలబెట్టాలని మా వాళ్లమంతా కూడబలుక్కున్నాం. వెల్డింగు షాపాయన కొలతలు అడిగాడు, ఇచ్చాం. మీ ఊళ్లోనూ వేయించేటట్టయితే రాసుకోండి. నేల నుంచి రింగు అంచుకు 10 అడుగులు. రింగు లోపలి అడ్డం 18 అంగుళాలు. బోర్డు 6 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు. స్తంభం మాత్రం గీతకు బయట నాటి, బోర్డును 4 అడుగులు లోపలికి చాచి పెట్టించండి. లేకుంటే వేగంగా వచ్చి లే-అప్ వేసే పిల్లోడు స్తంభానికి గుద్దుకుంటాడు.